గంటం ఏ ఊరిదని అడిగే బడి

బ్రౌజరుకు తెలుగులో ఎవరో 'విహరిణి' అని చక్కని పేరు పెట్టారు. వాడుకలో నిలదొక్కుకోలేదు గాని నాకు ఇష్టమైన మాట. ఎక్కడికైనా విహరించగలిగినది అని కదా అర్థం! ఆ విహరిణిని గుమ్మంలోనే నిలవేసి "నీవు ఏ ఇంటినుండి వచ్చావు?" అని అడిగే విద్యాలయం ఒకటి ఈ మధ్య నా కంటబడింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మనుబోలులో మా ఇంట ఉన్న కంప్యూటరు 2014లో కొన్నది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలట. నా పెట్టెలో అది లేదు. నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువును పాతసామాను వానికి ఇవ్వడానికి మనసొప్పక లినక్స్ మింట్ వేయించుకున్నాను. ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ మీటలతో తెలుగు హాయిగా వ్రాసుకుంటున్నాను. నాకు లోటేమీ కనబడలేదు.

ఎదురింటి అమ్మాయి బి.ఎడ్. చదువుతున్నది. రుసుము కట్టి ఒక ప్రైవేటు సంస్థవారి కోర్సులో చేరింది. వ్యాసం సమర్పించడానికి ఆ రాత్రి పన్నెండు గంటలే గడువు. ఫోనులో అంత వ్రాయలేక మా ఇంటికి వచ్చింది. పది నిమిషాల తర్వాత బిక్కమొగంతో, "సార్, మీ కంప్యూటర్లో విండోస్ లేదంట, లోపలికి పోనీడం లేదు" అన్నది. చూస్తే నిజమే. విండోస్ 7గాని, ఆపైదిగాని, లేదా మ్యాక్‌గాని ఉండవలెనని తాఖీదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రతి బ్రౌజరూ ఏ సైటుకు వెళ్లినా తన ప్రవర చెప్పుకుంటుంది. దానిని యూజర్ ఏజెంట్ అంటారు. బ్రౌజరు పేరు, దాని సంచిక, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ అందులో ఉంటాయి. ఆ ప్రవరను మార్చి చెప్పించే చిన్న పొడిగింపులు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి వేసి, నా లినక్స్ చేత "నేను విండోస్‌ను" అనిపించాను. తలుపు తెరుచుకున్నది! వీడియో ఆడింది, ప్రశ్నలు వచ్చాయి, వ్యాసం చేరింది. ఒక్క అక్షరం చెదరలేదు.

అంటే సాంకేతికంగా అడ్డమేదీ లేదన్నమాట. పాఠం నడిచేది బ్రౌజరులో. కింద ఏ వ్యవస్థ ఉన్నదన్న ప్రశ్న దానికి దాదాపు అనవసరం. పద్యంలో గణాలు సరిపోయాయా, యతి కుదిరిందా అని చూడాలిగాని, వ్రాసిన గంటం ఏ ఊరిదని అడుగుతామా? ఆ అమ్మాయి చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలం లినక్స్ కెర్నలే. ఈ వైపరీత్యం వారికి తోచకపోవడం వింతే.

ఈ మారువేషం కొత్తదీ కాదు. 1990ల్లో నెట్‌స్కేప్ కోసం తీర్చిన పుటలు తనకూ దక్కాలని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తనను 'మొజిల్లా' అని చెప్పుకున్నది. నేటికీ క్రోమ్ ప్రవర ఆ మాటతోనే మొదలవుతుంది. తెలుగువారికీ ఈ బాధ పూర్వం తెలిసినదే. ఒకప్పుడు మన పత్రికలు కొన్ని సొంత ఖతులలో ఉండి, విండోస్‌లోని ఎక్స్‌ప్లోరరుకే అక్షరాలుగా కనబడేవి, తక్కినవారికి పిచ్చిగీతలు. ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' అనే పొడిగింపు వచ్చి వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపింది. 'లేఖిని' బ్రౌజరులోనే నడిచేది కనుక ఎవరి గోత్రమూ అడగకుండా అందరిచేతా తెలుగు వ్రాయించింది. సాధ్యమని మనవాళ్లే చూపారు కదా.

న్యాయంగా ఎదుటిపక్షం మాటా చెప్పాలి. పరీక్షలో విద్యార్థి మరో కిటికీ తెరవకుండా యంత్రాన్ని బిగించే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ వంటివి విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లకు వచ్చాయిగాని లినక్స్‌కు అధికారికంగా రాలేదు. అక్కడ చిక్కు నిజమే. దానిని పరీక్షకు పరిమితం చేసుకోవచ్చు. పాఠం వినడానికీ, వ్యాసం పంపడానికీ ఆ కట్టడి ఎందుకు? ప్రతి వ్యవస్థలోనూ పరీక్షించి చూడడానికి ఖర్చవుతుందంటారు. కానివ్వండి. "ఇందులో మేము పరీక్షించలేదు, మీ పూచీమీద వెళ్లండి" అని ఒక వాక్యం వ్రాస్తే సరిపోయేది. తలుపు మూయడం వేరు, హెచ్చరించడం వేరు. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్ మీదనే నేర్చుకుంటున్నారు. మన సి-డాక్ వారే 2007లో 'బాస్' లినక్స్‌ను విడుదల చేశారు. అటువంటి పిల్లవాడు రేపు ఈ గుమ్మం ముందు నిలబడితే ఏమి చెబుతారు?

నన్ను ఇప్పటికీ గుచ్చుతున్నది మరొకటి. ఆ రాత్రి నేను ఆ పిల్లకు చూపినది అబద్ధమాడే ఉపాయం. ఉపాధ్యాయురాలు కాబోయే పిల్ల! "తప్పు కదా సార్?" అని ఆమె అడగనే అడిగింది. "పాఠం కోసం తప్పలేదమ్మా" అన్నాను. ఆ సమాధానం నాకే రుచించలేదు.

మర్నాడు ఆ సంస్థకు ఇదంతా వివరిస్తూ ఉత్తరం వ్రాశాను. వారం తర్వాత జవాబు వచ్చింది: దయచేసి విండోస్ 7 లేదా ఆపైది వాడగలరు. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14నే ఆగిపోయింది. నా మింట్‌కు నిన్ననే భద్రతా సవరణలు వచ్చాయి. ఆ పొడిగింపును నేనింకా తీసివేయలేదు. అమ్మాయికి ఇంకా మూడు వ్యాసాలున్నాయి.