అశ్వహృదయం, అక్షహృదయం

ఒక్క పగటిలో అయోధ్యనుండి విదర్భకు చేరవలెనని ఋతుపర్ణ మహారాజు ఆతురపడినప్పుడు, బాహుకుని రూపంలో ఉన్న నలుడు బక్కచిక్కిన గుర్రాలను ఏరి తెచ్చి రథానికి పూన్చాడు. ఇంత దూరం ఇవి లాగగలవా అని రాజు శంకించాడు. సాయంకాలానికి రథం కుండిన నగరం చేరింది.

భారత కథలోని ఆ శంకయే కోల్‌కతాలో, విక్టోరియా మెమోరియల్ చెంతనున్న రేసుకోర్సులో, ప్రతి శీతకాలమూ తిరిగి తలెత్తుతుంది. అక్కడ పందాలు నడిపే రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్బు 1847లో స్థాపితమైనది. లేబ్రాయపు గుర్రాలకు అక్కడ మూడు పెద్ద పరీక్షలు: 1600 మీటర్ల గినీస్, 2400 మీటర్ల డెర్బీ, 2800 మీటర్ల సెయింట్ లెజర్. మొదటిదానిలో నెగ్గిన గుర్రానికి రెండవదానికి చాలినంత దమ్ము ఉన్నదా? అదే ప్రశ్న.

ఎరిగినవారు ముందుగా వంశం చూస్తారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు ఎంత దూరపు పందాలలో గెలిచినవి? పిదప ఒడ్డూ పొడుగూ. పిరుదులు బలిసి కండపట్టిన గుర్రం తరచు పొట్టి పందెపుది. సన్నగా సాగిన దేహమూ, పొడవైన అంగా ఉన్నది దూరపుది. కాని రూపం మోసగించవచ్చు. అందువల్ల అసలు సాక్ష్యం పరుగే. 1200 మీటర్ల పందెంలో వెనుకబడి, చివరి 400 మీటర్లలో పుంజుకొని, గీత దాటిన తరువాత కూడ సాగిపోయే గుర్రం ఇంకా దూరం కోరుతున్నదన్నమాట. ముందుండి చివర సడలినది తక్కువ దూరం కోరుతున్నది. ఐతే ఆరంభంలో అన్నీ మెల్లగా నడిచిన పందెంలో చివరి ఊపును నమ్మరాదు. అప్పుడు అన్నిటికీ సత్తువ మిగిలే ఉంటుంది. మోసిన బరువు, నేల తడి, కళ్ళెం లాగి పెనుగులాడే స్వభావం కూడ లెక్కలోనివే.

2010లో డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన ఎమ్మెలిన్ హిల్ బృందం, కండ పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువులోని భేదాన్నిబట్టి గుర్రానికి అనువైన దూరాన్ని అంచనా వేయవచ్చునని చూపింది. ఆ పరీక్ష దూరాన్ని సూచిస్తుంది. విజయానికి హామీ ఇవ్వదు.

గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడినదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిజమే. కాని టిక్కెట్టు కొన్నవారందరి నైపుణ్యమూ పందెపు ధరలో అప్పటికే ఇమిడి ఉంటుంది. పైగా టోటులో పోగైన సొమ్ములోనుండి నిర్వాహకుల వాటా, పన్ను తీసిన పిదపనే గెలిచినవారికి పంపకం. తక్కినవారికి తెలిసినంతే మనకూ తెలిస్తే, కాలక్రమాన నష్టమే మిగులుతుంది.

నలునికి అశ్వహృదయం మొదటినుండీ తెలుసు. ఐనా పాచికలాడి రాజ్యం పోగొట్టుకొన్నాడు. అక్షహృదయం వేరొక విద్య. దానిని తరువాత ఋతుపర్ణునివద్ద, తన విద్యకు మారుగా గ్రహించాడు. గుర్రాన్ని చదవడం ఒకటి, జూదంలో నెగ్గడం మరొకటి. ఈ రెండూ ఒకటేనని భ్రమించి జీతం రాళ్ళను కిటికీలో పోసి, ఉత్త చేతులతో ఇంటిదారి పట్టేవారు ఉన్నారు.

రేసుకు వెళితే, పందెానికి ముందు గుర్రాలను నడిపించే ఆవరణవద్ద నిలబడండి. ఒకదానిని ఎన్నుకొని, అది ఎంత దూరపు గుర్రమో మనస్సులో నిర్ణయించుకొని, పరుగును చివరిదాకా గమనించండి. మన ఊహ తప్పినా నేర్చుకొన్నది మిగులుతుంది; జేబులోనిదీ మిగులుతుంది.