కారేది కుట్ల దగ్గరే

2006 ఆగస్టులో తాపీ వరదలో మునిగిన సూరత్‌కు నీళ్లు కొత్త కాదు, పాలియెస్టర్ బట్టకూ కొదవలేదు. అయినా లింబాయత్ నుంచి రాత్రి షిఫ్టుకు బైక్‌పై బయల్దేరే తెలుగు మరమగ్గం కార్మికుడు చాలాసార్లు తడిసే మగ్గం చేరతాడు. బట్ట బాగానే ఉంటుంది, కారేది కుట్ల దగ్గర. సూది రంధ్రాలపై లోపలివైపు టేపు అతికించని రెయిన్ సూట్ ఎంత ఖరీదైనదైనా దండగే. కొనేముందు ప్యాంటు తిరగేసి చూడండి. బండిపై కూర్చుంటే నీరు నిలిచేది తొడల మధ్యే. పీవీసీది చవకే, కానీ చెమటతో లోపలినుంచి తడుపుతుంది.

గాలికి ఎగిరే పోంచో మాత్రం వద్దే వద్దు. దాని అంచు చైన్‌లో చుట్టుకుంటే తడవడం చిన్న విషయమైపోతుంది. నలుపు రంగు మురికిని దాస్తుంది, మనిషినీ దాస్తుంది. ఉధ్నా రోడ్డులో వెనకనుంచి వచ్చే లారీ డ్రైవరుకు పసుపు రంగో, మెరిసే పట్టీయో కనిపించాలి. సైజు ఒకటి పెద్దదే తీసుకోండి, హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మణికట్టు బయటపడకూడదు.