గాబరా అంటే గ్యాస్ కాదు

బీదర్ జిల్లా చిట్గుప్ప ప్రాంతంలో నాలుగు భాషలకూ ఉమ్మడిగా ఒక మాట ఉంది. తెలుగువాళ్లు "గాబరా అయితున్నది" అంటారు. కన్నడిగులు గాబరి అంటారు. దక్కనీ ఉర్దూలోనూ మరాఠీలోనూ ఆ మాటే కొద్ది తేడాతో వినిపిస్తుంది. 1956లో పాత బీదర్ జిల్లాను మూడు రాష్ట్రాలకు పంచారు గానీ ఈ మాటను పంచలేకపోయారు. ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చున్న మనిషి గుండె మీద చెయ్యి వేసుకుని మొదట అనేది ఇదే. దాని వెనక గుండెపోటు ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఉండొచ్చు, ఉత్త భయమే కావచ్చు. అర్ధరాత్రి రెండు గంటలకు ఆ మాట వినడానికి వార్డులో ఉండేది నర్సు ఒక్కతే.

అయినా మన మధ్య పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది: డాక్టరు రాసింది చేయడమే నర్సు పని, ఆలోచించడం ఆమె వంతు కాదు అని. యాజమాన్యాలు ఇలాగే అనుకుంటాయి, రోగుల బంధువులూ అనుకుంటారు. ఏళ్ల తరబడి విని విని చాలామంది నర్సులు కూడా నమ్మేశారు. ఈ అభిప్రాయం తప్పు. దీని మూలంగా బతకాల్సిన మనుషులు చనిపోతారు.

ఒక రాత్రిని దగ్గరగా చూద్దాం. జ్వరంతో చేరిన యాభై అయిదేళ్ల ఆమె అనుకోండి, పదేళ్లుగా షుగర్. "సిస్టర్, పాణం మంచిగ లేదు, గాబరా అయితున్నది" అంటుంది. ఛాతీలో నొప్పి లేదంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా నుదుటి నిండా చెమట. దవడ లాగుతోందంటుంది. కేస్ షీటులో ఉన్నది జ్వరం మాత్ర, సెలైన్, అంతే. రాసింది మాత్రమే చేయాలనుకునే నర్సు "గ్యాస్ అయ్యుంటుంది, పడుకో అమ్మా" అని ఒక ఇంజెక్షన్ వేసి వెళ్లిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చని ఆలోచించే నర్సుకు తెలుసు. రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంది, ఒళ్లు చల్లబడిందేమో చూస్తుంది. వేలు గుచ్చి షుగర్ చూస్తుంది. అది 70 కన్నా తగ్గలేదంటే చెమటకు కారణం వేరే ఉన్నట్టే. గుండె అనుమానం వస్తే పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్న నియమం ఆమెకు గుర్తుంటుంది. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి "షుగర్ పేషెంట్, చల్లటి చెమటలు, దవడ లాగుతోంది, ఈసీజీ తీశాను, మీరు వెంటనే రావాలి సార్" అంటుంది.

"రోగం తేల్చేది డాక్టరు కదా, నర్సుకు ఆ చదువెక్కడిది?" అంటారు. రోగానికి పేరు పెట్టడం డాక్టరు పనే, కాదనను. ఈ మనిషి తెల్లవారేదాకా ఆగలేదని గుర్తించడం మాత్రం పక్కనున్నవాళ్ల పని. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే తన పుస్తకంలో రోగిని గమనించడం మీద ఒక అధ్యాయం రాసింది. 2006లో నర్సింగ్ ప్రొఫెసర్ క్రిస్టీన్ టానర్ నర్సు ఆలోచనను నాలుగు మెట్లుగా చెప్పింది: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, చేసినదాన్ని మళ్లీ తరచి చూసుకోవడం. అమెరికాలో నర్సు కావాలంటే రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షను 2023 ఏప్రిల్‌లో మార్చి, ఈ విచక్షణనే కొలిచే ప్రశ్నలు చేర్చారు. మన అమ్మాయిలు రాత్రింబవళ్లు చదివి ఆ పరీక్ష గట్టెక్కుతున్నారు. అక్కడ ఉద్యోగం ఇప్పించే ఆలోచన ఇక్కడ అధికప్రసంగం ఎలా అవుతుంది?

"మెషిన్లున్నాయి కదా" అనేది ఇంకో వాదం. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గిన సంగతిని తెల్లవారిలో కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పసిగట్టలేకపోయిందని 2020లో అమెరికా పరిశోధకులు చూపించారు. ముదురు రంగు ఒళ్లున్న మనం ఆ అంకెను కళ్లు మూసుకుని నమ్మగలమా? రోగి పరిస్థితి దిగజారడాన్ని పట్టుకోవడానికి బ్రిటన్ డాక్టర్లు న్యూస్ (NEWS) అనే స్కోరు తయారుచేశారు. స్కోరు ఎంతున్నా సరే, నర్సుకు ఆందోళన కలిగితే రోగిని వెంటనే చూడాలని చెప్పింది కూడా వాళ్లే. ఆ స్కోరులో ఊపిరి లెక్క ఒక భాగం. దాన్ని రోగికి చెప్పకుండా, ఛాతీ మీద చూపు నిలిపి, నిండు నిమిషం లెక్కపెట్టాలి. చాలా వార్డుల చార్టుల్లో మంచం మంచానికీ 20 అనే ఉంటుంది. ఆలోచించవద్దని నేర్పిన చోట లెక్క కూడా ఇలాగే చచ్చిపోతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. సొంత ఆసుపత్రి లేని నర్సింగ్ కాలేజీలు, రోగిని ముట్టకుండానే పూర్తయ్యే చదువులు మన దగ్గర ఉన్నాయి. అందుకు మందు చదువు బాగుచేయడం. 2014లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం 9 యూరప్ దేశాల్లో 4 లక్షల మందికి పైగా ఆపరేషన్ రోగులను పరిశీలించింది. ఒక్కో నర్సుకు ఒక రోగి అదనంగా చేరితే మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. డిగ్రీ నర్సుల వాటా 10 శాతం పెరిగితే అది 7 శాతం తగ్గింది. మనకు 2012 నాటి ప్రభుత్వ ప్రమాణాలు 30 పడకల సముదాయ ఆరోగ్య కేంద్రానికి 10 మంది స్టాఫ్ నర్సులు చాలన్నాయి. మూడు షిఫ్టులు, వారపు సెలవులు పోను రాత్రికి మిగిలేది ఒకరో ఇద్దరో. ఆ ఒకరిద్దరి బుద్ధికి కూడా తాళం వేస్తే రోగికి దిక్కెవరు?

చిట్గుప్ప నుంచి పెద్దాసుపత్రి అంటే బీదర్ పోవాలి, లేదంటే జహీరాబాద్ మీదుగా హైదరాబాద్. దారిలో పోయే సమయాన్ని ఎవరూ తగ్గించలేరు. వార్డులో పోయే సమయాన్ని తగ్గించవచ్చు. అందుకు షుగర్, ఈసీజీ చూడటానికి నర్సు ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా ఉండాలి. "నాకు అనుమానంగా ఉంది" అని ఆమె అంటే డాక్టరు కదిలి రావడానికి అది సరిపోవాలి. వచ్చి చూశాక ఏమీ లేదని తేలినా ఆమెను తిట్టకూడదు. ఒక్కసారి తిట్టు తిన్న నర్సు మరో రాత్రి ఫోన్ చేయదు.

డాక్టరుగారూ, ఈ రాత్రి మీ ఫోన్ మోగితే "ఎందుకు లేపావు" అనకండి. "ఏం చూశావమ్మా" అని అడగండి.