ఉచితపు గుక్క

విదేశాల్లో కొన్ని జిన్ కర్మాగారాలు చుట్టుపక్కల వాళ్లను ఉచితంగా పిలిచి, తయారీ చూపించి, రుచి కూడా చూపిస్తాయి. మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ ఉచితం ఎన్నికల ముందు గడపకే వస్తుంది. ఆ తర్వాతి గుక్కలకు డబ్బు మిరపకాయలు కోసి, పత్తి తీసిన ఆడకూలీ కొంగుముడిలోంచే పోతుంది.

1992లో పక్క నెల్లూరు జిల్లాలో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం సాధించాం. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టరు వచ్చాయి. దుకాణాలకు లాటరీ తీశారు. ఊరి ఆడవాళ్ల మాట అడగలేదు.

స్థానికులంటే తాగేవాళ్లేనా? ఆ ఖర్చు మోసేవాళ్లు కారా? గ్రామసభలో స్త్రీలు ఒప్పుకోనిదే దుకాణం తెరవకూడదు. ఈ హక్కు కోసం మనం పట్టుబట్టాలి.