మెడలో బిళ్ల

బిళ్ల అనే వస్తువుకి మన దేశంలో మంచి చరిత్రే ఉంది. కలెక్టరు గారి బంట్రోతు భుజాన డవాలు, దానిమీద తళతళలాడే ఇత్తడి బిళ్ల. మునిసిపాలిటీ వారికి పన్ను కట్టిన కుక్క మెడలో బిళ్ల. బ్యాంకులో చెక్కు ఇస్తే చేతిలో పెట్టే టోకెను బిళ్ల. బంట్రోతుకి అది అధికారం, కుక్కకి ప్రాణరక్షణ, బ్యాంకులో మనకి డబ్బు చేతికొచ్చేదాకా కాలక్షేపం. ఈ మూడు బిళ్లల్లోనూ ఒక సుగుణం ఉంది. పెట్టుకున్నవాడు ఎవడో చెబుతాయి గాని, వాడు నిన్న సాయంత్రం ఎక్కడ ఎంతసేపు కూచున్నాడో, ఎవరితో కూచున్నాడో ఎవరికీ చెప్పవు.

నేను చెప్పబోయే బిళ్ల చెబుతుంది.

అమెరికాలో ఫ్లోరిడా రేవుల నుంచి బయల్దేరి కరేబియన్ దీవులు చుట్టి వచ్చే విహార నౌకలున్నాయి. నౌక అంటే మనం గోదావరి మీద చూసే లాంచీ కాదు. మూడు నాలుగు వేలమంది పట్టే ఊరు. ఇలాంటి ఓడలు చాలా నడిపే కార్నివాల్ కార్పొరేషన్ వారి అధిపతి ఆర్నాల్డ్ డొనాల్డ్, 2017 జనవరిలో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో వేదికెక్కి లోకానికి ఒక బిళ్లని చూపించాడు. దాని పేరు ఓషన్ మెడాలియన్. అదే ఏడాది నవంబరులో రీగల్ ప్రిన్సెస్ అనే ఓడలో అది ప్రయాణికుల మెడల్లోకి ఎక్కింది. బరువు 50 గ్రాములు, సైజు మన రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. మెడలో వేసుకోవచ్చు, చేతికి కట్టుకోవచ్చు, జేబులో పడేసుకోవచ్చు. ధర లేదు, ఉచితం. ఉచితం అన్నచోట మా నాన్నగారు ఒకటికి రెండుసార్లు చూసుకోమనేవారు, అది వేరే సంగతి.

ఆ బిళ్లలో రెండు రకాల రేడియో పరికరాలుంటాయి. ఒకటి ఆనించినంత దగ్గరికొస్తే పలుకుతుంది, రెండోది బ్లూటూత్, కొన్ని గజాల దూరం నుంచే పలుకుతుంది. ఆ పలుకు వినడానికి ఓడ నిండా వేల సంఖ్యలో చెవులు అమర్చారు. మీరు మీ గది దగ్గరికి వస్తుంటే తలుపు దానంతటదే గడియ తీసుకుంటుంది. కౌంటరు దగ్గరికి వెళితే అక్కడివాడి చేతిలోని పలక మీద మీ ఫొటో, మీ పేరు ప్రత్యక్షమవుతాయి. ఫోనులో నిమ్మరసం అడిగి మీరు కుర్చీ మారినా సరే, ఆ గ్లాసు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. దీనికి మీట లేదు, ఛార్జింగు లేదు, నొక్కాల్సిన బొత్తాం లేదు. ఇదంతా నేను కనిపెట్టిన లోపం కాదండీ, వారు స్వయంగా చాటుకున్న గొప్ప. వెలిగించనక్కరలేదు అని వారు మురిసిపోయారు. ఆర్పడానికి వీల్లేదని నాకు అర్థమైంది.

ఈ ఆలోచనకి పుట్టిల్లు సముద్రం కాదు, డిస్నీ వారి వినోద నగరం. అక్కడ 2013లో మేజిక్ బ్యాండ్ అని మణికట్టుకి ఒక పట్టీ తయారుచేసిన బృందంలో ముఖ్యుడు జాన్ పాడ్జెట్. ఆయనే తర్వాత కార్నివాల్ వారి దగ్గరికి వచ్చి ఈ బిళ్లని చేయించాడు. 2021లో ప్రిన్సెస్ క్రూయిజెస్ కంపెనీకి అధ్యక్షుడే అయ్యాడు. డిస్నీ పట్టీ వస్తోందని తెలియగానే 2013 జనవరిలో ఎడ్వర్డ్ మార్కీ అనే అమెరికా పార్లమెంటు సభ్యుడు, పసిపిల్లల కదలికలు కూడా పోగుచేస్తారా అంటూ డిస్నీ అధిపతి బాబ్ ఐగర్‌కి ఉత్తరం రాశాడు. ఐగర్ ఘాటుగానే జవాబిచ్చాడు. పట్టీ మాత్రం వచ్చింది. ఓడల్లో రాయల్ కరీబియన్ వారు 2014లో వావ్‌బ్యాండ్ తెచ్చారు, ఎంఎస్‌సి వారు 2017లో మెరావిల్యా ఓడలో పట్టీలు తెచ్చారు, 2021లో వర్జిన్ వారూ తెచ్చారు. ఒక్కో పట్టీ ఒక్కోలా పనిచేస్తుంది. కొన్ని తలుపు తీసి డబ్బు చెల్లించి ఊరుకుంటాయి, కొన్ని మనిషిని వెంబడిస్తాయి. వెంబడించేవాటితోనే నా పేచీ.

మా బావమరిది అమెరికాలో ఉన్న పిల్లల పుణ్యాన అలాంటి ఓడొకటి ఎక్కి వచ్చాడు. ఓడ పేరు ఎందుకులెండి, ఆయనకి దానిమీద ఫిర్యాదేమీ లేదు, పొగడ్తలే. "బావా, తాళంచెవి లేదు, పర్సు లేదు, సంతకం లేదు. రాజాలా తిరిగాననుకో" అన్నాడు.

"రాజు ఎక్కడున్నాడో అనుక్షణం తెలుసుకునేది శత్రువులు గదటోయ్" అన్నాను.

"అదుగో, నీదంతా చాదస్తం. సముద్రం మధ్యలో నేను చేసే రాచకార్యం ఏవుంది, దాచుకోవడానికి? తిన్నాను, పడుకున్నాను, మళ్లీ తిన్నాను. రాసుకుంటే రాసుకోనీ!"

ఈ మాట ఆయనొక్కడే అన్నది కాదు. లోకంలో సగంమంది అంటున్నారు. దాచుకోవడానికి ఏమీ లేనివాడికి భయమేమిటి అని. దీనికి జవాబు కోసం అమెరికా పోనక్కరలేదు. మా బావమరిది ఇంట్లో స్నానాల గదికి గడియ ఉంది. లోపల ఆయన చేసేది స్నానమే, అందరికీ తెలుసు. అయినా గడియ పెట్టుకుంటాడు. ప్రైవసీకి తెలుగులో మాట లేదని పండితులు తంటాలుపడి 'గోప్యత' తెచ్చారు. గోప్యత అంటే గుట్టు, అంటే ఏదో దాస్తున్నట్టే లెక్క. మన ఇళ్లలో ఆడవాళ్లు వాడే మాట ఇంకొకటి ఉంది: చాటు. కాస్త చాటు ఉంటే చాలు అంటారు. చాటు కోరేవాడు దొంగ కానక్కరలేదు. కట్టుకున్న పెళ్లాంతో మాట పట్టింపు వచ్చి, గంటసేపు డెక్కు మీద ఒంటరిగా నిలబడి సముద్రం చూసే మొగుడికి చాటు కావాలి. జబ్బు సంగతి పిల్లలకి చెప్పకుండా ఓడ డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చిన ముసలాయనకి చాటు కావాలి. కాసినో గదిలో ఎంతసేపు కూచున్నదీ భార్యకి తెలియకూడదనుకునేవాడికి కూడా కావాలి. వాడిమీద నాకు సానుభూతి తక్కువ, అయినా కావాలి.

తోటివాళ్లకి కనబడకుండా ఉండే వీలు ఉంటుందిగా అంటారు. ఉంటే మంచిదే. నేను దాక్కోవాలనుకున్నది తోటివాళ్ల నుంచి అయితే అది చాలు. నా అడుగులు లెక్కపెట్టేది తోటివాడు కాదు, సరుకు అమ్మేవాడు. ఏ గంటకి నాకు దాహం వేస్తుందో, ఏ దుకాణం ముందు ఎన్ని నిమిషాలు తచ్చాడి కొనకుండా పోతానో తెలిసినవాడు రేపు అదే గంటకి, అదే దుకాణం గురించి నా ఫోనులో పలకరిస్తే, నేను కొన్నానా, కొనిపించబడ్డానా? సంతలో గడుసు వ్యాపారి కూడా మన ముఖం చూసి ధర చెబుతాడు. కాని మనమూ వాడి ముఖం చూస్తాం. ఇక్కడ ఒకవైపే కళ్లున్నాయి.

అన్నిటికంటే నన్ను కష్టపెట్టేది ఇంకొకటుంది, చెబితే చిన్న విషయంలా ఉంటుంది. మా బావమరిది అన్నాడు: "బావా, రెండోరోజుకే అక్కడి కుర్రాళ్లంతా పేరు పెట్టి పలకరించారు. ఎంత మర్యాద!" మా ఊళ్లో బస్టాండు ఎదుట కాఫీ హోటల్లో ఒక సర్వరు ఉండేవాడు. నేను లోపలికి అడుగుపెట్టగానే "పంచదార తక్కువ, డికాషన్ ఎక్కువ" అని లోపలికి కేకేసేవాడు. రెండేళ్లపాటు నన్ను చూసి, నా గొణుగుడు విని, గుర్తుపెట్టుకున్నాడు. ఆ గుర్తుకి వాడు తన బుర్రలో కాస్త చోటు ఖర్చుపెట్టాడు. నాకూ వాడి పేరు తెలుసు, వాడి కూతురి పెళ్లి సంబంధాలూ తెలుసు. ఓడలో కుర్రాడికి నా పేరు చెప్పింది వాడి జ్ఞాపకం కాదు, చేతిలో పలక. వాడి తప్పేమీ లేదు పాపం. ఆ ఓడల్లో పనిచేసేవాళ్లలో మన దేశంవాళ్లు కూడా ఎంతోమంది ఉన్నారు, ఇల్లూ వాకిలీ వదిలి నెలల తరబడి. వాడి నవ్వు నిజమే కావచ్చు. కాని పలకరింపుని కూడా పైనుంచి అందిస్తూ ఉంటే, ఇద్దరు మనుషుల మధ్య ఏం మిగిలినట్టు?

ఇక భద్రత. ఇది వారి బ్రహ్మాస్త్రం. పిల్లలు తప్పిపోరు, ముసలివాళ్లు దొరుకుతారు అంటారు. ఒప్పుకుంటాను. మహమ్మారి రోజుల్లో 2020 ఫిబ్రవరిలో యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడలోని 3,711 మందిలో 712 మందికి జబ్బు సోకిన సంగతి ఎవరు మరిచిపోతారు? ఎవరు ఎవరి పక్కన కూచున్నారో తెలిస్తే అలాంటప్పుడు ఉపకారమే. అదే ఏడాది ఆగస్టులో మళ్లీ మధ్యధరా సముద్రంలో ఓడ నడిపిన ఎంఎస్‌సి వారు పట్టీల్ని అందుకు వాడారు కూడా. మంచిదే. కాని జ్వరం వచ్చినప్పుడు వేసుకున్న దుప్పటిని ఎండాకాలంలో కూడా కప్పుకు తిరగమంటే ఎలా?

పైగా భద్రత మాట ఎత్తారు గనక అసలు చట్టం సంగతి చూద్దాం. ఓడల్లో ప్రయాణికుల రక్షణకి అమెరికా 2010లో ఒక చట్టం చేసింది. పిట్టగోడలు 42 అంగుళాల ఎత్తుండాలి, ప్రతి గది తలుపుకీ లోపలివాడు బయటెవరున్నారో చూసే కన్నం ఉండాలి, సిబ్బందిలో ఎవరెవరు ఏయే వేళల్లో గదుల్లోకి వెళ్లవచ్చో కట్టడి ఉండాలి అంది. చూశారా, ఆ చట్టం చూసే కన్ను గదిలో ఉన్నవాడికి ఇచ్చింది. ఏడేళ్లు తిరక్కుండా బిళ్ల వచ్చి ఆ కన్నుని అటు తిప్పి పెట్టింది. అదే చట్టంలో, ఓడ మీంచి సముద్రంలో పడిపోయిన మనిషిని పసిగట్టే లేదా ఆ దృశ్యాన్ని పట్టే సాంకేతికత 'అందుబాటులో ఉన్నంతమేరకు' పెట్టాలని ఉంది. ఈ 'ఉన్నంతమేరకు' దగ్గర నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. నిమ్మరసం తాగేవాణ్ని ఏ డెక్కులో ఏ కుర్చీలో ఉన్నాడో పట్టుకునే సాంకేతికత తెచ్చి పెట్టారు. నీళ్లలో పడ్డవాడి దగ్గరికొచ్చేసరికి అందుబాటు చూడాలి. బ్లూటూత్ పలుకు ఉప్పునీళ్లలో నుంచి రాదు గనక ఈ బిళ్ల అక్కడ మూగదే.

పోగుచేసింది పదిలంగా ఉంటుందా? 2019లో కార్నివాల్ సిబ్బంది ఈమెయిళ్లలోకి పరాయివాళ్లు చొరబడ్డారు. ఆ ఏడాది మే నెలాఖరుకే అనుమానం తగిలినా, లోకానికి చెప్పింది 2020 మార్చిలో. దాదాపు 1,80,000 మంది ప్రయాణికులు, ఉద్యోగుల పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, కొందరి ఆరోగ్య వివరాలు కూడా బయటపడ్డాయి. 2022 జూన్‌లో 46 రాష్ట్రాలతో 12,50,000 డాలర్లకి రాజీ కుదిరింది. తల ఒక్కింటికి లెక్కవేస్తే ఏడు డాలర్లు. అదే నెలలో న్యూయార్క్ ఆర్థిక సేవల శాఖ ఇంకో 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ చొరబాటు బిళ్ల వల్ల జరిగింది కాదు, నిజమే. అయితే మామూలు ఉత్తరాల పెట్టెకే తాళం సరిగా వెయ్యనివారి దగ్గర నా అడుగుల చిట్టా కూడా పెట్టనా?

ఎవరితో మొరపెట్టుకోవాలన్నది మరో చిక్కు. కంపెనీ అమెరికాలో, రీగల్ ప్రిన్సెస్ జెండా బెర్ముడాది, ఓడ పోయేది ఎవరిదీ కాని సముద్రం. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. ఆ తర్వాత మూడు నెలలకే బిళ్ల సముద్రం ఎక్కింది. ఆ తీర్పు కాగితం చుట్టుకుని మా బావమరిది కరేబియన్ నడిమధ్య నిలబడితే ఎవరు చదువుతారు?

బిళ్లని సముద్రంలో విసిరెయ్యమని నేననను. తలుపు తియ్యనీ, డబ్బు కట్టనీ. దానికో మీట పెట్టమనండి, ఆర్పినప్పుడు నా గది తలుపుకి మామూలు తాళంచెవి ఇమ్మనండి. పిల్లవాడి బిళ్ల చెప్పింది తల్లిదండ్రులకి చెప్పి అక్కడితో ఆపమనండి. దిగిపోయాక చిట్టా ఎన్నాళ్లు దాస్తారో టిక్కెట్టు మీదే, కంటికి ఆనే అక్షరాల్లో అచ్చు వెయ్యమనండి. పూర్వం మన సత్రాల్లో గుమాస్తా పేరూ ఊరూ పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకం బల్లమీదే ఉండేది, మనమే సంతకం పెట్టేవాళ్లం, ఏం రాశాడో మన కళ్లతో చూసేవాళ్లం.

మా బావమరిది దిగేముందు ఆఖరి రాత్రి తలుపు సందులోంచి బిల్లు పడేశారట. ప్రతి కాఫీ, ప్రతి సీసా, తేదీతో సహా. దానికి ఆయన చాలా సంతోషించాడు, లెక్కంటే అలా ఉండాలని. ఆ రెండో లెక్క, ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో ఎంతెంతసేపు ఆగాడో ఆ చిట్టా కూడా అలాగే తలుపు కిందనుంచి పడేయించమనండి. ఒక కాపీ ఆయనకి. రెండో కాపీ ఆయన ఎదుటే చింపెయ్యాలి.