మెదడు ప్రొటీనే, కానీ కొవ్వులోనూ ఉంది

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నేను పనిచేసే ల్యాబుకి దగ్గర్లోనే వాషింగ్టన్ యూనివర్సిటీ. 1965లో అక్కడి బ్లేక్ మూర్ ఆవు మెదడు నుంచి ఒక ప్రొటీన్‌ను వేరుచేశారు. అమ్మోనియం సల్ఫేట్ నూటికి నూరు శాతం సంతృప్తమైన ద్రావణంలోనూ అడుగున పేరుకోకుండా కరిగే ఉంది కాబట్టి ఎస్100 అన్నారు. అది నాడీమండలానికే ప్రత్యేకమని అప్పటి మాట. 1980లలో ఎలుకల కొవ్వు కణాల్లోనూ కనబడింది.

ఈ సంగతి రోగి దాకా వస్తుంది. తలకు చిన్న దెబ్బ తగిలితే రక్తంలో ఎస్100 రకాల్లో ఒకటైన ఎస్100బీని చూసి సీటీ స్కాన్ కావాలో వద్దో తేల్చే పద్ధతి స్కాండినేవియాలో ఉంది. 2013 నాటి అక్కడి మార్గదర్శకాల ప్రకారం, వేరే ప్రమాద కారణాలు లేని పెద్దవాళ్లకి ఆరు గంటల్లోపు తీసిన రక్తంలో లీటరుకు 0.10 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే స్కాన్ మానేయవచ్చు. తక్కువొస్తే ధైర్యం చెప్పొచ్చు. ఎక్కువొస్తే మాత్రం మెదడుకే ఏదో అయిందని రాసేయకూడదు. ఎముక విరిగినా, మారథాన్ పరిగెత్తినా అది పెరుగుతుంది. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ తలగాయానికి తొలి రక్తపరీక్షను అనుమతించినప్పుడు అందులో ఉన్నవి వేరే రెండు ప్రొటీన్లు.

మొన్న చలికాలంలో మా వీధి తెలుగమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, నాన్న మంచు మీద జారి పడ్డారు, తల వెనక బొప్పి కట్టింది. విజిటర్ ఇన్సూరెన్సే ఉంది, స్కాన్‌కి బోలెడు బిల్లవుతుంది. రక్తపరీక్షతో తేలదా?" ఆయన రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని తెలిసి, "బిల్లు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎమర్జెన్సీకి తీసుకెళ్లమ్మా" అన్నాను. అలాంటివాళ్లకి స్కానే దిక్కు.

కొవ్వులోనూ ఉన్న ప్రొటీన్ కాబట్టి రక్తంలో కనబడేదంతా మెదడు నుంచే వచ్చిందనుకోలేం. అలాగని కొవ్వుని లెక్కలు చెడగొట్టేదిగా చూడటం నాకు నచ్చదు. 2019లో బోస్టన్ డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలోని బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం నేచర్ పత్రికలో ఎంతో విలువైన సంగతి చెప్పింది. ఎలుకల్లో ఒంటికి వేడి పుట్టించే కొవ్వు కణాలు ఎస్100బీని బయటికి వదులుతాయి, దానివల్ల నరాలు ఆ కొవ్వులోకి పెరుగుతాయి. అంటే ఆ ప్రొటీన్ అక్కడ ఊరికే లేదు, దానికక్కడ పనుంది. కొవ్వు కూడా ఒక అవయవమే.

మనవాళ్లు సన్నగా కనిపించినా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా మూలాలవాళ్లకి బీఎంఐ 23 నుంచే షుగర్ పరీక్ష చేయమంది. తల దెబ్బల విషయంలోనూ ఆ జాగ్రత్త ఉండాలి. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఎస్100బీ పరీక్ష మొదలుపెట్టే ముందు, తలకు ఏ దెబ్బా తగలని మనవాళ్ల రక్తంలో అది మామూలుగా ఎంతుంటుందో, సన్నవాళ్లకి ఎంతో, లావువాళ్లకి ఎంతో, నడుము కొలతతో సహా రాసి పెట్టుకోవాలి.