వెయ్యి లింకులు అమ్ముతామంటే ఒక్క రూపాయి ఇవ్వకండి

సొంత వెబ్‌సైట్ పెట్టి పంట నేరుగా అమ్ముకుంటున్న రైతు మిత్రులకు ఈ పోస్టు. మామిడి కానీ, బెల్లం కానీ, గానుగ నూనె కానీ, సైట్ పెట్టిన కొన్నాళ్లకే ఫోన్లు మొదలవుతాయి. "సార్, వెయ్యి బ్యాక్‌లింకులు ఇస్తాం, గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ" అంటారు. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, ముందు అది తెలుసుకోండి.

బ్యాక్‌లింకు అంటే బ్రహ్మవిద్యేం కాదు. వేరేవాళ్ల సైట్‌లో నొక్కితే మీ సైట్ తెరుచుకునే దారి, అంతే. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ కంపెనీ పెట్టింది ఈ ఆలోచన మీదే. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారు, ఇచ్చినవాళ్లకు ఎంత విలువుంది అని చూసి వరస కట్టడం. విత్తనం కొనేటప్పుడు మనం చేసేదీ అదే కదా. పదిమంది ఊరికే చెప్పినదానికన్నా, మూడేళ్లు ఆ విత్తనం వేసి చూసిన ఒక్క రైతు మాట నమ్ముతాం.

విలువుందని తెలిశాక లింకులతోనూ బేరం మొదలైంది. 2011లో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల కంపెనీ గూగుల్‌లో పరుపులు వెతికినా, గౌన్లు వెతికినా పైనే కనపడేది. ఏ సంబంధమూ లేని సైట్లలో దానికి వేల లింకులున్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. మాకు తెలియదంది కంపెనీ. అయినా గూగుల్ దాన్ని కిందికి తోసేసింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి ఇలాంటి సైట్లను చాలావాటిని దెబ్బకొట్టింది. ఇప్పుడైతే కొన్న లింకుల్ని చాలావరకు లెక్కలోకే తీసుకోదు. గట్టు మీద చల్లిన యూరియా లాంటిది ఆ డబ్బు.

"డీఏ యాభై ఉన్న సైట్ సార్" అంటారు మళ్లీ. ఆ డీఏ, అంటే డొమైన్ అథారిటీ, మోజ్ అనే ప్రైవేటు కంపెనీ వేసుకున్న లెక్క. గూగుల్ దాన్ని చూడదు. మీరు ఆ పేజీ తెరిచి చూడండి. వ్యవసాయమో, తిండో, మీ జిల్లా సంగతో ఉందా? అది చదివినవాడు మీ పసుపు కొనడానికి వస్తాడా? పక్కనే పేకాట యాప్, లోన్ యాప్ లింకులుంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

మరి మంచి లింకు ఎక్కడ దొరుకుతుంది? మీ పొలం మీద పత్రిక వెబ్‌సైట్‌లో కథనం వచ్చిందా, కృషి విజ్ఞాన కేంద్రం పేజీలో మీ పేరుందా, మీ ఎఫ్‌పీఓకి సైట్ ఉందా? ఫోన్ చేసి మీ సైట్ అడ్రస్ కూడా పెట్టమని అడగండి. అడగడానికి మొహమాటం దేనికండీ! అలాగే మీ సైట్‌లో ధరల పట్టీ ఒక్కటే పెట్టి వదిలేయకండి. కార్బైడ్ లేకుండా వరిగడ్డిలో మామిడి ఎలా మాగబెడతారో ఫొటోలతో రాయండి. వంటల గురించి రాసేవాళ్లు అలాంటి పేజీకి వాళ్లంతట వాళ్లే లింకు ఇస్తారు. నెలలు పడుతుంది, పట్టనివ్వండి. ఫేస్‌బుక్‌లో పెట్టే లింకులతో ర్యాంకు పెరగదు కానీ కొనేవాళ్లు వస్తారు, అవి మానొద్దు.

మీకు ఎవరు లింకు ఇచ్చారో గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా కనపడుతుంది. ఇప్పటికే ప్యాకేజీ కొన్నవాళ్ల దగ్గరికి, ఆ చెడ్డ లింకులు తీసేయిస్తామంటూ ఇంకొకరు వస్తారు. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ అని గూగుల్ నోటీసు లేకపోతే వాళ్లకూ ఏమీ ఇవ్వనక్కర్లేదు.